నడిమి దిబ్బ మీద సీమోను సారు

సీమోను సారు చనిపోయాడన్న సంగతి జాడిగాం ఊరంతటికీ తెలుసు. తెలియనిది రెండు ప్రభుత్వాలకే.

కోటగిరి మీదుగా పోతే మంజీర ఒడ్డున ఆఖరుకు వచ్చే ఊరు జాడిగాం. ఊరు దాటితే చెరకు, చెరకు దాటితే ఏరు, ఏటి అవతలి ఒడ్డు మహారాష్ట్ర. చక్కెర మిల్లు మూతపడ్డాక చాలామంది వరిలోకి మారిపోయారు గానీ, ఏటి పక్క మడుల్లో కొందరు ఇంకా చెరకే వేస్తారు. ఇక్కడివాళ్లకు అవతల చుట్టాలున్నారు. అవతలివాళ్లకు ఇక్కడ పొలాలున్నాయి. వంతెన మీదుగా పోతే చుట్టు తిరగాలి కాబట్టి, నీళ్లు పలచగా ఉన్నన్నాళ్లూ అందరూ ఇసుకలో నడిచే దాటుతారు.

సారు ఆ ఊరి హైస్కూల్లోనే సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఆయన చెప్పిన పాఠాల్లో ఒకటి మాత్రం ఏ విద్యార్థీ మరిచిపోలేదు. సమాఖ్య ప్రభుత్వం పాఠం వచ్చిన రోజు ఆయన పుస్తకం మూసేసి, తరగతి మధ్యలో నేల మీద సుద్దముక్కతో పొడవాటి గీత గీసేవాడు. ఇటు కూర్చున్న పిల్లలు ఒక రాష్ట్రం, అటు కూర్చున్న పిల్లలు ఇంకో రాష్ట్రం. తను గీత మీద నిలబడి అడిగేవాడు.

"ఇప్పుడు నేను ఎవరి మనిషిని?"

"ఎవరి మనిషి కాదు సార్," అనేవాళ్లు పిల్లలు ప్రతి ఏడూ.

"తప్పు. గీత ప్రభుత్వాలు పని పంచుకునేటందుకు. పోలీసులు, దవాఖానలు రాష్ట్రం సూసుకుంటది. రైలు, మిలిటరీ, నోట్ల ముద్ర ఢిల్లీ సూసుకుంటది. ఈ రెండిటికీ అధికారం ఇచ్చింది ఒక్కటే రాజ్యాంగం. గీత మీద నిలబడ్డోనికి ఇద్దరు జవాబు చెప్పాలె గానీ, ఎవ్వరూ చెప్పకుండ పోవుడు ఉండదు."

వానాకాలంలో ఒక రోజు అవతలి ఊరి నుంచి కబురొచ్చింది, రాధాబాయి భర్త పోయాడని. ఆ ఇంటి పిల్లలు చిన్నప్పుడు ఏరు దాటి వచ్చి సారు దగ్గరే చదువుకున్నారు. సారు పొద్దున్నే ప్యాంటు మడిచి, చెప్పులు చేత పట్టుకొని, మోకాలిలోతు నీళ్లలో అవతలికి పోయాడు. దహనం అయ్యేదాకా ఉండి, పొద్దు వాలుతుండగా అదే దారిన తిరుగుముఖం పట్టాడు. ఎగువన ఎక్కడో కురిసిన వాన అప్పుడే ఏటిలోకి దిగింది. సారు ఇంటికి రాలేదు.

మర్నాడు తెల్లవారాక నీళ్లు తగ్గాయి. వలలు చూసుకుందామని వచ్చిన హన్మండ్లుకు ఏటి నడుమ ఇసుక దిబ్బ మీద తెల్ల చొక్కా కనిపించింది. చేపలు పట్టే హన్మండ్లు కూడా సారు దగ్గర చదువుకున్నవాడే. వాడు ఊళ్లోకి పరుగెత్తుకొచ్చి సారు భార్య రూతమ్మకు చెప్పాడు. నిజామాబాద్‌లో ఒక ల్యాబులో పనిచేసే కూతురు లిడియా దొరికిన బస్సెక్కి వచ్చేసరికి ఊరంతా ఒడ్డున ఉంది.

సారు బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి ముందుకు చాచి ఉంది. ఒడ్డు నుంచి కేక వేస్తే వినిపించేంత దూరం.

ఇవతలి పోలీసు స్టేషన్ నుంచి ఎస్సై వచ్చాడు. ఒడ్డున నిలబడి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"ఏటి నడిమిదాకనే మా హద్దు. ఆ దిబ్బ నడిమి దాటి ఉన్నది. అది మహారాష్ట్ర వాళ్ల లిమిట్స్."

"సార్, నా పడవ ఉన్నది. నిమిషంల తెస్త," అన్నాడు హన్మండ్లు.

"పంచనామా గాకుండ ముట్టుకుంటే నీ మీద కేసైతది. వాళ్లకు ఫోన్ చేసిన. వాళ్లు వస్తరు, ఆగు."

వాళ్లు మధ్యాహ్నం దాటాక వచ్చారు. అవతలి ఒడ్డున జీపు ఆగింది. ఖాకీ బట్టల మనుషులు దిగి, వాళ్లూ అలాగే చెయ్యి అడ్డం పెట్టుకొని చూశారు. ఆ తర్వాత ఒడ్డు నుంచి ఒడ్డుకు ఫోన్లు నడిచాయి. ఏరు పక్కకు జరిగిందని, పాత నక్షా ప్రకారం ఆ దిబ్బ తెలంగాణదేనని వాళ్లు అన్నారు. ఇప్పుడు నీళ్లు ఎటు పారుతున్నాయో చూడండని ఇవతలి ఎస్సై అన్నాడు. రూతమ్మ తడి ఇసుకలో కూర్చొని ఎవరు మాట్లాడితే వాళ్ల మొహం చూస్తూ ఉంది.

"సార్, మా బాపు ఆడ ఎండల పడి ఉన్నడు," అంది లిడియా. "ముందుగాల ఇటు తేన్రి. ఎవలదో తర్వాత తేల్చుకోన్రి."

"నాకు తెల్వదా అమ్మా? పద్ధతి ఉంటది," అన్నాడు ఎస్సై. ఆయన గొంతు కఠినంగా లేదు. అదే లిడియాకు తర్వాత చాలాకాలం గుర్తుండిపోయింది.

సాయంత్రానికి ఎగువన మళ్లీ మబ్బు పట్టింది. నీళ్లు ఎర్రబడ్డాయి. హన్మండ్లు ఇక ఎవరినీ అడగకుండా పడవ నెట్టాడు గానీ, వరద దాన్ని పక్కకు విసిరేసింది. వాడు ప్రాణాలతో ఒడ్డుకు రావడమే గగనమైంది. అందరూ చూస్తుండగానే నీళ్లు దిబ్బ అంచు తాకాయి. సారు చాచిన చెయ్యి కదిలింది. పిలుస్తున్నట్టే కదిలింది. తర్వాత తెల్ల చొక్కా ఒక్కసారి మునిగి, తేలి, మళ్లీ కనిపించలేదు.

ఎన్ని చోట్ల వెతికినా శవం దొరకలేదు.

శవం లేదు కాబట్టి ఇవతలి స్టేషన్‌లో మనిషి కనిపించడం లేదని మాత్రమే రాసుకున్నారు. అవతలి స్టేషన్‌లో అదీ రాసుకోలేదు. లిడియా సెలవు దొరికినప్పుడల్లా ఒక ఆఫీసు మెట్లెక్కింది. మండల ఆఫీసులో, మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదు కావాలన్నారు. అవతల మరాఠీలో అదే మాట అన్నారు. ఎంపీగారి ఆఫీసులో, పోలీసు రాష్ట్రం చేతిలోని విషయం, ఢిల్లీ దాంట్లో వేలు పెట్టదన్నారు. ఆఖరుకు బోధన్‌లో రాజేందర్ అనే వకీలు ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"రెండు రాష్ట్రాల మధ్య తగాదా అయితే సుప్రీంకోర్టు ఉన్నదమ్మా. కానీ ఇక్కడ తగాదా ఏడున్నది? ఇద్దరూ ఒక్కటే మాట అంటున్నరు, మాది కాదని. ఇంత మంచిగ ఒప్పందం కుదిరిన కేసు నేను ఎన్నడూ సూడలే."

ఏడేళ్లు ఆగితే చనిపోయినట్టు కోర్టు అనుకుంటుందని కూడా చెప్పాడు. లిడియా ఆ మాట తల్లితో చెప్పలేదు.

చర్చి పాస్టరు విజయ్ పాల్ ఇంటికి వచ్చి, శవం లేకున్నా సారు పేరున జ్ఞాపకార్థ ప్రార్థన పెడదామన్నాడు. రూతమ్మ ఒప్పుకోలేదు.

"ఆయన ఆడ ఉండంగ ఈడ ఎవలికి ప్రార్థన చేస్తరయ్యగారూ?"

పరలోకంలో అని చెబుతోందనుకున్నాడు పాస్టరు. ఆమె చెప్పింది దిబ్బ గురించి.

వానలు వెనకబట్టి దిబ్బ మళ్లీ పైకి తేలిన నాటి నుంచి, రూతమ్మ రోజూ మిట్టమధ్యాహ్నం ఏటికి పోతోందని లిడియాకు ఇరుగుపొరుగు చెప్పారు. వంట చేసి, మూతపెట్టి, కొంగు నెత్తిన కప్పుకొని పోతుందట. ఒడ్డున కూర్చొని మాట్లాడుతుందట. ఒక ఆదివారం చర్చి అయ్యాక తల్లి వెంట లిడియా కూడా పోయింది.

నట్టెండ. చెరకు ఆకు కూడా కదలడం లేదు. రూతమ్మ ఎప్పుడూ కూర్చునే చోటు చదునై ఉంది. ఆమె అక్కడ కూర్చొని, "సూడు," అంది.

లిడియాకు మొదట ఇసుక మాత్రమే కనిపించింది. కళ్లు ఎండకు అలవాటు పడుతుండగా, ఇసుకలో ఒక చోట తెలుపు ఇంకాస్త తెల్లగా అయింది. సారు గొంతుకూర్చొని ఉన్నాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి ఉంది. చెప్పులు చేతిలోనే ఉన్నాయి. అంత ఎండలోనూ చొక్కా ఆరలేదు, ఒంటికి అతుక్కొనే ఉంది. ఆయన ఇటు చూశాడు. కాసేపటికి మెల్లగా మెడ తిప్పి అటు చూశాడు. మళ్లీ ఇటు. బస్సు ఎటునుంచి వస్తుందో తెలియని స్టేజీ దగ్గర మనిషి చూసినట్టు.

పగలంతా రక్తం చుక్కలను అద్దం కింద పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పే పని లిడియాది. కళ్లు నలుపుకొని చూసింది. ఉన్నాడు.

"అన్నం తిన్నవా?" అని కేకేసింది రూతమ్మ ఏటి మీదుగా.

దిబ్బ మీది తల నెమ్మదిగా ఊగింది. తిన్నాననో, లేదనో తెలియలేదు.

"బాపు ఎందుకు వస్తలేడు అవ్వా?" అని తల్లిని అడిగింది లిడియా.

"ఎటు రావాలె బిడ్డా? ఇటోళ్లు నువ్వు అటోనివి అన్నరు. అటోళ్లు ఇటోనివి అన్నరు. ఇని పడుకున్నడు గద ఆ పొద్దంత."

కొంచెం దూరంలో హన్మండ్లు వల సర్దుకుంటున్నాడు. వాడు దిబ్బ వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. లిడియా వెళ్లి అడిగితే తల ఎత్తకుండానే చెప్పాడు.

"నాకూ కనిపిస్తడక్కా. ఒకసారి పడవ తీస్కొని పోయిన. దగ్గరికి పోతే ఒట్టి ఇసుకనే. మళ్ల ఒడ్డుకొచ్చి సూస్తే ఉన్నడు. అప్పటిసంది అటు పోతలేను."

ఆ రాత్రి లిడియా నిజామాబాద్ పోలేదు. మర్నాడు పొద్దున నేరుగా ఎమ్మెల్యే భానుప్రసాద్ ఇంటికి పోయింది. ఆయన కూడా జాడిగాం హైస్కూల్లో సారు ముందు నేల మీద కూర్చున్నవాడే. ఇప్పుడు అధికార పార్టీలో ఉన్నాడు. జనం పలచబడ్డాక ఆమెను లోపలికి పిలిచాడు.

"అసెంబ్లీల ప్రశ్న అడగాలె అన్నా," అంది లిడియా. "మా బాపు చచ్చిపోయిండా లేదా, ఎవల దగ్గర చచ్చిపోయిండు. గంతే."

భానుప్రసాద్ ఇబ్బందిగా కదిలాడు. "చెల్లె, ప్రభుత్వం మాది. నేనే లేచి మా మంత్రిని నిలదీస్తే బయట ఏమంటరు? గది ప్రతిపక్షం పని."

"మా బాపు మీకు గట్లనే చెప్పిండా పాఠం?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

"లేదు," అన్నాడు. "మంత్రులు సభలనుంచే వస్తరు, సభకే జవాబు చెప్తరు, సభ నమ్మినన్నొద్దులే ఉంటరు అని చెప్పిండు. సభ అంటే ఆ దిక్కు కుర్చీలు ఒక్కటే కాదు అని గూడ చెప్పిండు." లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఒక మాట అడుగుత, నవ్వొద్దు. నువ్వు పగటిపూట ఎన్నడన్న వంతెన మీదికెళ్లి పోయినవా?"

లిడియా తల అడ్డంగా ఊపింది.

"నేను కారు అద్దాలు ఎక్కించుకొని పోత. డ్రైవర్‌కు ఏం కనబడదు. నాకు కనబడతడు. దూరం దిబ్బ మీద నిలబడి నా దిక్కే సూస్తడు. కోపంగ గాదు. క్లాసుల ప్రశ్న అడిగి, మనం చెప్పేదాక ఊకె నిలబడేటోడు సూడు, గట్ల." మొహం తుడుచుకున్నాడు. "ఆ సూపు నాతోని గాదు చెల్లె. ప్రశ్న వేస్త."

ప్రశ్న వేయడమంటే లేచి అడగడం కాదని లిడియాకు అప్పుడు తెలిసింది. రాసి పంపాలి. ఒప్పుకోవాలి. వంతు రావాలి. చలికాలం సమావేశాల్లో వంతు రాలేదు. బడ్జెట్ సమావేశాల్లో వచ్చింది. భానుప్రసాద్ పంపిన పాసుతో లిడియా హైదరాబాద్ పోయి, అసెంబ్లీ సందర్శకుల గ్యాలరీలో కూర్చుంది. మాట్లాడకూడదు, నిలబడకూడదు, చప్పట్లు కొట్టకూడదని వాకిట్లోనే చెప్పారు. ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

కింద ప్రశ్నోత్తరాలు నడుస్తున్నాయి. స్పీకర్ ప్రశ్న నంబరు పిలిచాడు. మంత్రి లేచాడు. తలపండిన మనిషి. కళ్లజోడు సర్దుకొని కాగితం చదివాడు.

"సదరు ప్రదేశంలో మరణం సంభవించిన విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చినదా? లేదు, అధ్యక్షా. వచ్చినచో తీసుకున్న చర్యలేవి? ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు."

అంతే. కూర్చోబోయాడు. ఊరంతా ఒడ్డున నిలబడి చూసిన రోజు ఉత్పన్నం కాలేదు. లిడియా రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

భానుప్రసాద్ లేచాడు. అనుబంధ ప్రశ్నకు స్పీకర్ అవకాశమిచ్చాడు.

"అధ్యక్షా, ఆ దిబ్బ ఎవరి హద్దులో ఉన్నదని నేను అడగడం లేదు. అది రెండు రాష్ట్రాలు కూర్చొని తేల్చుకోవచ్చు, తేలకపోతే పైన కోర్టు ఉన్నది. నేను అడిగేది వేరు. ఆ రోజు ఒడ్డు మీద నిలబడ్డ పోలీసు ఈ ప్రభుత్వం మనిషి. ఆయన మంత్రికి జవాబు చెప్పాలె. మంత్రి ఈ సభకు జవాబు చెప్పాలె. ఈ సభ బయట ఉన్న జనానికి జవాబు చెప్పాలె. ఈ వరుసలో ఎక్కడ తెగిపోయి ఒక మనిషి పొద్దంతా ఇసుకలో పడి ఉన్నడు? మా సారు మాకు చెప్పింది, జవాబు లేకుండ పోవడం అనేది ఉండదని. అది అబద్ధం అని నేను పోయి ఆయనకు చెప్పాల్నా, అధ్యక్షా?"

అధికార పక్షం బల్లల్లో గుసగుసలు లేచాయి. ఎవరో ఆయన చొక్కా అంచు పట్టి లాగారు. ఆయన కూర్చోలేదు.

అప్పుడే లిడియాకు ఒండ్రు వాసన వచ్చింది. ఏసీ చల్లదనంలో ఏటి నీటి చల్లదనం వేరుగా తెలిసింది. కుడివైపు భుజానికి తడి తగిలినట్టయింది. ఖాళీ కుర్చీ మడత విప్పుకొని, మళ్లీ మడతపడిన చప్పుడు చిన్నగా వినిపించింది. ఆమె తల తిప్పలేదు. తిప్పి చూస్తే, దగ్గరికి పోతే ఇసుకే మిగిలినట్టు, ఖాళీయే మిగులుతుందని భయపడింది.

కింద మంత్రి మళ్లీ లేచాడు. చేతిలోని కాగితం చూశాడు. ఏదో అలికిడి విన్నట్టు తలెత్తి గ్యాలరీ వైపు చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. స్పీకర్ పేరు పెట్టి పిలిచేదాకా ఆయన చూపు దిగలేదు. కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"అధ్యక్షా, అధికారులు నాకు రాసిచ్చింది నేను చదివాను. కానీ ఈ సభకు జవాబు చెప్పాల్సింది వాళ్లు కాదు, నేను. ఒడ్డున నిలబడ్డవాళ్లు మావాళ్లే. పోయిన మనిషి మా మనిషే. హద్దు సంగతి పక్క రాష్ట్రంతో మేము తర్వాత మాట్లాడుకుంటాం. మరణాన్ని మేము నమోదు చేస్తాం. జరిగినదానికి బాధ్యత నాది. ఆ కుటుంబానికి ఈ సభ ముందు క్షమాపణ చెబుతున్నాను."

స్పీకర్ తర్వాతి ప్రశ్న పిలిచాడు. లిడియా చాలాసేపటికి తల తిప్పింది. కుర్చీ మడిచే ఉంది. దాని కింద తివాచీ మీద తడి మరక ఒకటి మెల్లగా ఆరుతోంది.

బయట వరండాలో భానుప్రసాద్ ఆమె దగ్గరికి వేగంగా వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"మంత్రిగారు లాబీలోకి వచ్చి నన్ను పట్టుకున్నడు. గ్యాలరీల ఆ ఆడపిల్ల పక్కన చెయ్యెత్తి నిలబడ్డ పెద్దమనిషి ఎవరు, అట్ల నిలబడితే మార్షల్సు ఏం చేస్తున్నరు అని అడిగిండు."

"మీరేం చెప్పిన్రు?"

"మా సారు అని చెప్పిన."

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. తహసీల్దారు ఊరికి వచ్చాడు. హన్మండ్లుతోపాటు ఒడ్డున నిలబడ్డవాళ్లందరినీ పిలిచి వాళ్లు చూసింది చెప్పించుకున్నాడు. అవతలి నుంచి కూడా ఒక అధికారి వచ్చి దిబ్బను కొలుచుకొని పోయాడు. కొన్ని వారాలకు సీమోను సారు చనిపోయాడని, మంజీర ఏటిలో జాడిగాం దగ్గర చనిపోయాడని, పంచాయతీ ధ్రువపత్రం ఇచ్చింది. లిడియా దాన్ని తల్లి చేతిలో పెట్టింది. రూతమ్మ చదివి, బల్ల మీద పెట్టింది. విజయ్ పాల్ పాస్టరు చర్చిలో ప్రార్థన పెట్టాడు. శ్మశానంలో ఏమీ లేని నేల మీద పేరు చెక్కిన రాయి నిలబెట్టారు. భానుప్రసాద్ వచ్చి మట్టి వేసి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం రూతమ్మ ఎప్పటిలాగే ఏటికి పోయింది. అనుకున్న సమయానికి ముందే తిరిగి వచ్చింది. వాకిట్లో నిలబడి లిడియాను పిలిచింది.

"నువ్వు ఏం జేసినవ్ బిడ్డా?"

"ఏమైంది అవ్వా?"

"దిబ్బ మీద లేడు."

లిడియా వాకిట్లోకి వచ్చింది. "మంచిదే గద అవ్వా. బాపు ఇంటికి వచ్చినట్టే గద."

"యాడున్నడు ఇంట్ల? సూపియ్." రూతమ్మ గొంతు పెద్దదైంది. "ఆడ ఉండె. నా కండ్ల ముంగట ఉండె. తిన్నవా అని అడిగితే తలకాయ ఊపుతుండె. గిప్పుడు గా కాయితం ఊపుతదా? గా రాయి ఊపుతదా? సచ్చిపోయిండని మీరందరు గల్సి రాపిచ్చిన్రు. ఆయన నిజంగనే సచ్చిపోయిండు."

లిడియాకు అన్ని ఆఫీసుల ముందు దొరికిన మాటలు ఇంటి ముందు దొరకలేదు. ఆ రోజు నుంచి రూతమ్మ మాట్లాడడం తగ్గించింది. తెల్లవారుజామున లేచి, తలుపు తీసి, చావడిలో నిలబడి వీధిలోకి చూసేది. ఎవరూ లేకపోతే మూసేది. లిడియా ల్యాబుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయింది.

ఒక పొద్దున రూతమ్మ మంచి చీర కట్టుకుంది. "అవతలికి పోయొస్త. రాధాబాయి దగ్గరికి. ఆఖరుకు ఆయన అన్నం తిన్నది ఆళ్లింట్ల."

హన్మండ్లు ఇద్దరినీ పడవలో దాటించాడు. ఎండాకాలం కాబట్టి లోతు పాయ ఒక్కటే పడవ మీద దాటితే, మిగతాదంతా ఇసుక. దిబ్బ పక్కనుంచి పోతుంటే రూతమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

రాధాబాయి వాళ్లను చూసి గడప దిగి వచ్చింది. "బసా బాయి, బసా," అని రూతమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆమెకు తెలుగు బాగానే వచ్చు, నడుమ మరాఠీ కలుస్తుంది. ఆ రోజు వరద రాకముందు సారు ఏం తిన్నాడో, పిల్లలతో ఏం మాట్లాడాడో, ఉండుమంటే ఎట్లా నవ్వి బయల్దేరాడో చెప్పింది. రూతమ్మ అంతా విన్నది.

"పోయినంక ఈడికి గిట్ల వచ్చిండా?" అని అడిగింది చివరకు.

"మాస్తర్? నాహీ బాయి." రాధాబాయి ఆమె మొహంలోకి చూసి అర్థం చేసుకుంది. "మా ఆయన వచ్చిండు. కాల్చి వచ్చినంక గూడ, ఇగో, ఈ గడప కాడనే కూసున్నడు కొన్నొద్దులు. లోపటికి రాడు, బయటికి పోడు. నాకు భయం గాలే, ఏడుపొచ్చింది."

"ఎట్ల పోయిండు?"

"పేరు పెట్టి పిలిచిన. పెండ్లయినప్పటిసంది ఎన్నడు పిలువలే. లోపటికి రా అన్న. లేచి లోపటికి వచ్చిండు. మళ్ల కనబడలే. ఇంట్లనే ఉన్నడు అనుకుంటున్న."

తిరిగి వచ్చేటప్పుడు రూతమ్మ పడవ ఆపమంది. హన్మండ్లు లిడియా వైపు చూశాడు. లిడియా తల ఊపింది. పడవ దిబ్బకు ఆనించాడు.

రూతమ్మ చెప్పులు విడిచి ఇసుకలో దిగింది. ఇంతకాలం ఒడ్డు నుంచి చూడడమే గానీ, ఆ దిబ్బ మీద ఆమె ఎన్నడూ కాలు పెట్టలేదు. కొంగల అడుగులు తప్ప దాని మీద ఏమీ లేదు. ఆమె నడుమదాకా పోయి నిలబడింది. తమ ఒడ్డు చూసింది. అవతలి ఒడ్డు చూసింది. రెండు పక్కలా చెరకే, రెండు పక్కలా అదే ఇసుక.

"సీమోనూ," అని పిలిచింది.

తల్లి నోట తండ్రి పేరు లిడియా వినడం అదే మొదలు. "మీ బాపు", "ఆయన", "సారు", అంతే ఆ ఇంట్లో.

"సీమోనూ, పా. ఇంటికి పోదాం."

గాలి లేదు. నీళ్లలో కూడా చప్పుడు లేదు. రూతమ్మ కాసేపు అట్లాగే నిలబడి, ఒక్కసారిగా మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. సారు పోయిన నాటి నుంచి ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. లిడియా పరుగెత్తుకుపోయి పట్టుకుంది. ఇద్దరూ అక్కడే, ఆయన పడి ఉన్న ఇసుకలోనే, ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా ఏడ్చారు.

తర్వాత పడవ ఎక్కారు. రూతమ్మ అడ్డచెక్క మీద ఒక పక్కకు కూర్చుంది. లిడియా ఎదురుగా కూర్చుంది. హన్మండ్లు గెడకర్రతో నెట్టాడు. పడవ కదలలేదు. మళ్లీ బలంగా నెడితే ఇసుక గీసుకుంటూ నీళ్లలోకి జారింది. వాడు పడవ అంచు వైపు, అక్కడిదాకా వచ్చిన నీళ్ల వైపు చూశాడు.

"వచ్చేటప్పటికంటె బరువుగున్నది అక్కా," అన్నాడు మెల్లగా.

రూతమ్మ కళ్లు తుడుచుకొని, చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకొని, చెక్క మీద ఇంకొంచెం పక్కకు జరిగింది.